దర్జీ చేతివాటం

రిలే పరుగులో తన వంతును అందరికంటే ముందే ముగించిన దర్జీ, చేతిలోని కర్రను తరవాతివాడికి ఇవ్వబోయి ఆగి, దాన్ని అటుదిటు తిప్పి, అతను గట్టిగా పట్టుకున్నాడని చూసుకుని మరీ వదిలాడు. ఈలోగా ముగ్గురు దాటిపోయారు. కొట్లో కత్తెర ఎవరికిచ్చినా ఇంతే: మొన తనవైపు, పిడి అవతలివాళ్ళవైపు. ఈసారి ఓడితే జట్టులోంచి తీసేస్తామన్నారని పందేనికి ముందు నెల రోజులు పెరట్లో భార్యకి గజంబద్ద అందిస్తూ సాధన చేశాడు. "తిప్పకండీ!" అని ఆవిడ అరుస్తూనే ఉంది, చెయ్యి తిప్పుతూనే ఉంది.

పందెం అయ్యాక దర్జీ బూట్లు విప్పుకుంటుంటే, కెప్టెనైన బావమరిది రొప్పుతూ వచ్చాడు.

"ఆ కర్రకి మొనెక్కడుంది బావా? కొంప ముంచావు. ఇంక నీ పేరు కొట్టెయ్యక తప్పదు."

దర్జీ తన అరచేతిని పక్కింటి పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఏం చెయ్యనురా, ఇరవై ఏళ్ళుగా ఇది ఒక్కరికీ కత్తెర గుచ్చుకోనివ్వలేదు."