పొడి ముందా, ఫిల్టరు ముందా

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, బెల్లం సీజను జోరుగా ఉన్న మాఘమాసంలో, నన్ను అనకాపల్లి డిపోకి పంపించారు. హోదా క్వాలిటీ ఆఫీసరు. మన్యంలో పండిన కాఫీ గింజలు కొని, వేయించి, పొడి ఆడించి అమ్మే సహకార సంస్థ మాది. గింజను గ్రేడు చేయడం, వేపుడు రంగు చూడడం, కాఫీ రుచి చూసి మంచిచెడ్డలు రాయడం నా పని. రోజంతా కాఫీ పుక్కిలించి ఉమ్మేసే ఉద్యోగమని మా ఆవిడ బంధువుల ముందు నా పరువు తీస్తుండేది. అనకాపల్లి వెళ్ళింది మాత్రం ఒక విచారణ మీద.

డిపో అంటే బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఒక గది, ఒక మెషీను, ఒక కౌంటరు. అన్నిటికీ కలిపి ఒకే మనిషి, నూకరత్నం. కాంట్రాక్టు ఉద్యోగి. ఇల్లు ఆ జీతం మీదే నడిచేది. ఆవిడ పొడిలో చింతగింజల పిండి కలుపుతోందని సత్యారావు అనే బెల్లం వర్తకుడు మా హెడ్డాఫీసుకి ఫిర్యాదు చేశాడు. మార్కెట్టులో ఆయన మాటకి విలువుంది. సగం మంది ఖాతాదార్లు అప్పుడే రావడం మానేశారు. కల్తీ రుజువైతే నూకరత్నం ఉద్యోగం పోతుంది. రుజువు కాకపోయినా, కొనేవాళ్ళు రాక డిపో మూసేస్తే ఎలాగూ పోతుంది. కుండకి మూకుడుంది గానీ లోకం నోటికి మూకుడు లేదు కదా.

"కల్తీ అంటే ఏటో నాకు తెల్దు బాబూ. ఈ మిషన్నడగండి, ఆ గింజనడగండి," అంది నూకరత్నం. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. మెషీను తుడుస్తూనే చెప్పింది.

మా పద్ధతి ప్రకారం డిపోలోంచి ఒక నమూనా, సత్యారావు ఇంటినుంచి ఒక నమూనా తీసుకున్నాను. గ్లాసుడు చన్నీళ్ళ మీద చిటికెడు పొడి చల్లితే అసలైన కాఫీ కాసేపు తేలుతుంది. చికోరీ వేరు పొడి లాంటిది కలిస్తే గోధుమరంగు గీతలు గీస్తూ అడుక్కి జారుతుంది. రెండు నమూనాలూ తేలాయి. పైఆఫీసు ల్యాబు కూడా చింతగింజల పిండి గానీ మరో కల్తీ గానీ లేదనే చెప్పింది. కానీ సత్యారావు తన ఇంటి డికాషను ఒక గ్లాసులో పోసి తెచ్చి నా ముందు పెట్టాడు. అడుగున వేలెడు మడ్డి. నోట్లో పోసుకుంటే పళ్ళమధ్య కరకర, నాలిక మీద చేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదని అప్పుడే అర్థమైంది.

తర్వాత పొడిని జల్లెడ పట్టాను. అతి సన్నటి జల్లెడలోంచి కూడా దాదాపు అంతా కిందికి దిగిపోయింది. ఫిల్టరు కాఫీకి పొడి బొంబాయి రవ్వ కన్నా సన్నగా, శనగపిండి కన్నా బరకగా ఉండాలి. వేళ్ళమధ్య నలిపితే సన్నటి ఇసుకలా తగలాలి. అందుకు మెషీను మీద మేం ఖాయం చేసిన నంబరు అయిదు. వెళ్ళి చూస్తే ముల్లు ఒకటి మీద, అంటే అన్నిటికన్నా మెత్తగా ఆడే నంబరు మీద ఉంది.

నూకరత్నం దాచలేదు. ఆ ఊళ్ళో పిండిమిల్లు దగ్గర ఆడవాళ్ళు పక్కనే నిలబడి, చిటికెడు పిండి నలిపి చూసి, బరకగా ఉంటే మళ్ళీ ఆడించుకుంటారు. బెల్లం వర్తకులు సరుకుని చిదిమి చూసిగానీ ధర చెప్పరు. ఆ వేళ్ళతోనే కాఫీపొడీ చూశారు. మెత్తగా ఉంటే మేలిరకం, బరకగా ఉంటే మోసం! అందరికన్నా ఎక్కువసార్లు తిరగ ఆడించినవాడు సత్యారావే. "సెనగపిండిలాగుండాలి అనేవోరండి. అడిగినోళ్ళకి కాదంటే మళ్ళీ వత్తారేటండి?" అంది.

అంత మెత్తటి పొడి ఫిల్టరు చిల్లుల్ని మూసేస్తుంది. డికాషను దిగనే దిగకూడదు. మరి సత్యారావు ఇంట్లో మడ్డితో సహా ఎలా దిగుతోంది? అది తేల్చుకోవడానికి అయిదో నంబరు పొడి, ఒక కొత్త ఫిల్టరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన భార్య పార్వతమ్మ గారు తమ ఫిల్టరు తెచ్చిచ్చారు. కిటికీ వైపు ఎత్తి చూశాను. ఆవగింజ దూరిపోయేంత చిల్లులు, ఒక్కొక్కటి ఒక్కో తీరు. ఇవి కొన్నప్పటి చిల్లులు కావమ్మా అన్నాను.

"నేనే పొడిసేను బాబూ," అన్నారావిడ. "ఎంతసేపు సూసినా డికాషను దిగదు. ఈయన మార్కెట్టుకెళ్ళే ఏళయిపోతంది. ఏటి సేత్తాను? దబ్బనం పెట్టి పొడిసేను."

గోనెసంచులు కుట్టే సూది దబ్బనం. "దబ్బనం ఇంట్లోకెలాగొచ్చిందే?" అన్నాడు సత్యారావు.

"మీ కొట్లోదే."

కొత్త ఫిల్టరులో పొడి వేసి, అదమకుండా చదును చేసి, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టాను. చుక్కచుక్కగా నల్లటి డికాషను దిగింది. ఆ ఇంట్లో అప్పటిదాకా ఉన్న బెల్లం వాసన మీద కాఫీ వాసన పరుచుకోవడం నాకిప్పటికీ గుర్తే. సత్యారావు గ్లాసు ఖాళీ చేసి "బాగానే ఉంది" అన్నాడు. క్షమాపణ లాంటిదేమీ రాలేదు. నాకు ఒళ్ళు మండింది.

రిపోర్టులో కల్తీ లేదని రాశాను. అనుమతి లేకుండా నంబరు మార్చిన మాట కూడా రాయక తప్పలేదు. కాంట్రాక్టు మనిషిని తీసెయ్యడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

నిర్ణయం చెయ్యడానికి విశాఖ నుంచి మా మేనేజరు స్వయంగా వచ్చారు. మేం లోపల కూర్చుని ఉండగా కౌంటరు దగ్గర ఒకాయన చిటికెడు పొడి నలిపి, ఇంకా మెత్తగా ఆడమంటున్నాడు. నంబరు మార్చనండి అంటోంది నూకరత్నం. అయితే వద్దులే అని ఆయన వెనక్కి తిరిగాడు. అంతలో వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"నలిపి సూత్తే ఏటి తెలుత్తాది బావా? ఇది పిండిమిల్లు కాదు. ముందు మీ ఇంట్లో ఫిల్టర్ని సూసుకో. ఈ మెత్తన పిచ్చితో మా ఇంటి కాఫీ నేనే పాడుసేసుకుని, ఈ పిల్ల మీద పడి ఏడ్సేను. రత్నమ్మా, నాకు అయిదు నంబరే ఆడు."

ఆయనెవరని మేనేజరు అడిగారు.

"ఫిర్యాదు చేసినాయన సార్," అన్నాను.

మేనేజరు ఫైలు మూసేసి, కాఫీ తెప్పించమన్నారు. నూకరత్నం ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత మా డిపోలన్నిటిలో ఒక పద్ధతి పెట్టించాను. పొడి అడిగినవారిని ముందుగా కాఫీ దేనిలో కాస్తారని అడగాలి. ఫిల్టరైతే సన్నటి ఇసుకలా, గిన్నెలో మరిగించి వడగట్టేవారికైతే రవ్వలా ఆడాలి. ఇప్పుడు నేను ఇంట్లో మిక్సీలో గింజలు వేసుకుంటున్నాను, పొడి వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పుతూ. ఇన్నేళ్ళ సర్వీసులో వేలకొద్దీ నమూనాలు పరీక్షించాను గానీ, పొడితోపాటు ఫిల్టరు కూడా తెప్పించుకుని చూడాలని నాకు తెలిసింది అనకాపల్లిలోనే.