పదకొండో గాజుపలక

మీరు నవ్వారు. నంద్యాల టీ అంగళ్లలో, బస్టాండులో, "గాజు సారు వస్తాండాడు" అని నవ్వారు. పోయిన ఆదివారం ఆయన పోయారు. మన్ను వేయడానికి మాత్రం బాగానే వచ్చారు. బతికుండగా ఆయన చెప్పింది వినడానికి ఎందరు వచ్చారు? నన్నూ కలుపుకునే అడుగుతున్నాను.

ఆయన మా సైన్సు సారు. డెబ్బైలలో నేను ఆళ్లగడ్డ నుంచి వచ్చి నంద్యాల హాస్టల్లో చదివేవాణ్ణి. ఏటా ఒకరోజు ఆయన బల్ల మీద ఒక బకెట్టు, నేల మీద ఒక బకెట్టు పెట్టేవారు. పై నీళ్లు రబ్బరు గొట్టంలో దిగి రేకు చక్రాన్ని తిప్పితే, దానికి బిగించిన సైకిల్ డైనమో చిన్న బల్బును వెలిగించేది.

"కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడాల, చాలనప్పుడు కిందికి వదలాల. బేతంచెర్ల దావలో వదిలేసిన బండల గనులుండాయి. గుట్ట మీద ఒకటి, కింద ఒకటి. మనోళ్లు తవ్విపెట్టిన బకెట్లు కావేందిరా అవి?" అనేవారు.

బోర్డు మీద తప్పు రాస్తే తుడిచేవారు కాదు. చుట్టూ సున్నా చుట్టి వారమంతా ఉంచేవారు. "తుడిస్తే మళ్లా అదే రాస్తాం" అనేవారు.

ఎనభైలలో ఈ గనుల గురించి ఆయన పెట్టిన అర్జీ ఎవరి చేతిలోనో పడి, నిజంగానే పని మొదలైంది. గని గట్టుకు పరీక్ష లేదు, నీళ్లు ఇంకకుండా లోపల పూత లేదు. పై గని నింపేశారు. ఆ గట్టు కిందే బండలు కొట్టేవాళ్ల ఇళ్లు. సారు సంబరంగా నన్ను వెంటబెట్టుకుని చూడబోయారు. బండలు తీసే ఒక పెద్దమ్మ రాతిని సుత్తితో తట్టి, చెవి ఆనించి వింది. ఏ పొర ఊడుతుందో వాళ్లు అలాగే కనిపెడతారు.

"బోలు పలుకుతాండాది సారూ. పొరలన్నీ మా ఇండ్లపక్కకే వాలినాయి. ఇన్ని నీళ్లు పోస్తే యాడికి పోతాయి?"

సారు తానూ ఆ రాతికి చెవి ఆనించి చూశారు. "బకెట్టుకు పొరలుండవు గదరా. తప్పు నా పాఠంలోనే ఉండాది" అన్నారు.

గుత్తేదారు మనిషికి చెబితే, "పిల్లోళ్లకు పాఠాలు చెప్పుకోపో సారూ, నీళ్లు మేం జూసుకుంటాం" అన్నాడు. వాళ్లు చూసుకున్నది పని సగంలో ఆపి, పంపులు విప్పుకుపోవడం. నీళ్లు పైనే ఉండిపోయాయి. దింపే గొట్టానికి తాళం వేసి పోయారు.

అప్పటినుంచి సారు మైక్రోస్కోపు గాజుపలకల్ని గట్టులో పడిన పగులుకు అడ్డంగా సిమెంటుతో అంటించేవారు. పగులు కదిలితే గాజు విరుగుతుంది.

"ఏంది సారూ, కొండకు కండ్లద్దాలా?" అంది పెద్దమ్మ.

"కొండకు చూపు బాగనే ఉండాదిమ్మా. మనకే లేదు."

ఏళ్ల మీద ఒక్కొక్కటే పది పలకలు విరిగాయి. విరిగిన ప్రతిదాన్నీ పని మంజూరు చేసిన ఆఫీసుకు తీసుకుపోయి బల్ల మీద పెట్టారు. "చెత్త యాడబడితే ఆడ పెట్టొద్దప్పా" అన్నాడు బిళ్లబంట్రోతు. అదీ మన ప్రభుత్వం ఇచ్చిన జవాబు. దాన్నీ కథగా చెప్పుకుని మీరు నవ్వారు.

పదకొండోది ఆయన పోయే ముందు వారమే అంటించారు. సమాధి దగ్గర నుంచి నేను నేరుగా గట్టు మీదికి పోయాను. పలక ఇంకా విరిగిపోలేదు. అంచు నుంచి నడిమికి వెంట్రుకంత గీత పడింది. కింద పెద్దమ్మ రాతికి చెవి పెట్టి ఉంది. వాన లేదు, అయినా ఆమె కాళ్ల దగ్గర నేల తడి.

"బోలు పలకడం మానిందప్పా" అంది. "లోపల నీళ్లు నిండినట్టుండాయి."

ఆమె వెనక ఇళ్ల ముందు బట్టలు ఆరుతున్నాయి.

పొగడ్తలు ఆయన అడగలేదు. ఆయన దగ్గర చదువుకున్న మేం ఆ ఆఫీసునూ, ఊరినీ అడిగేవి ఇవి:

గొట్టం తాళం తీసి, పై గని నీళ్లు వానలకు ముందే దింపండి.

దింపేదాకా ఆ ఇళ్లవాళ్లకు వేరే చోట నీడ చూపండి.

మళ్లీ ఏ గనినైనా నింపే ముందు, బండలు తీసేవాళ్లను పిలిచి గట్టు తట్టించండి. వాళ్లు వద్దంటే మానుకోండి.

నింపమని సంతకం పెట్టినవాళ్లు వచ్చి ఆ తడి నేల మీద నిలబడండి.

పదకొండో పలకను ఎవరూ తుడవొద్దు, తీయొద్దు.