మిరప కూలీల బాటలో ఉయ్యాల చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మా వీధిలో ఒకావిడ రోజూ గజ్జెల చప్పుడు వస్తోందని అద్దె ఇల్లు ఖాళీ చేసింది. వెళ్లి చూస్తే ఏసీ బయటి పెట్టె మీద రేకు ఊడి కొట్టుకుంటోంది. గుంటూరులో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషిని నేను. చప్పుడంటూ వస్తే దానికో వస్తువుండాలి, అది కదలాలి. అంతకు మించి ఎవరేం చెప్పినా వినే రకం కాదు.

ఇది చదివి ఈవిడ కూడా మొదలుపెట్టిందిరా బాబూ అనుకుంటే అనుకోండి. మీ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

మా అమ్మది కనిగిరి పక్కన మెట్ట ఊరు. ఆమె పడుచుగా ఉన్న రోజుల్లో మిరపకాయల కోతలకి ఊరంతా కదిలి గుంటూరు వైపు నడిచి వచ్చేది. గింజల మూటలు నెత్తిన, చంటిపిల్లలు చంకన, రోజుల తరబడి నడక. సన్నికల్లు మోయలేక ఇంట్లో వదిలేసి, కారం నూరుకోవడానికి చేత్తో పట్టే రాయి, పొత్రం ఒక్కటే తెచ్చుకునేవాళ్లు. నూరడానికి బండ ఎక్కడైనా దొరుకుతుంది కదా. ప్రత్తిపాడు చేరే ముందు ఆఖరి మజిలీ ఒక పోరంబోకు మిట్ట. అక్కడ వండుకు తిని, తెల్లవారాక చేలల్లోకి పోయేవాళ్లు.

ఆ మిట్ట మీద ఇప్పుడు టూరిజం ప్రాజెక్టు. దాన్ని నడిపే పెద్దమనిషి అమెరికా వెళ్లి, అక్కడి జాతీయ పార్కులూ, పాతకాలం వలసదారులు నడిచిన బాటలూ చూసొచ్చాడు. చూసొచ్చినవాడు ఊరుకోకుండా మన మిరప కూలీల బాటని కూడా అలాగే భద్రపరుస్తానన్నాడు. భద్రపరచడమంటే ఏమనుకున్నారు? ఫైబరు ఎద్దులు, ఫైబరు బండి, జరీ అంచు చీర కట్టుకుని ఇకిలిస్తున్న ఫైబరు కూలి మనిషి. బండి కట్టే స్తోమత ఉంటే వాళ్లు కూలికెందుకు వస్తారండీ అని అడిగాను. "విజువల్‌గా బాగుంటుంది మేడం" అన్నాడు. ఓ మూల ఇనుప పైపుకి నైలాను తాడుతో చీర ఉయ్యాల, అందులో ప్లాస్టిక్ పిల్ల.

ఆ బాటన నడిచిన ముసలివాళ్లని వీడియో తీస్తామని కబురు పెడితే అమ్మని తీసుకెళ్లాను. ఎనభై దాటిన మనిషి. బాగా చెవుడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేగానీ వినపడదు. నేను కొనిచ్చిన చెవి మిషను బీరువాలో భద్రంగా ఉంది.

షామియానా కింద టీవీ పెట్టి అమెరికా ఫొటోలు చూపించారు. రాతినేల మీద బండి చక్రాల జాడలు, వాటిని ఎవరూ తొక్కకుండా చుట్టూ కంచె. ఒక చెక్క ఇల్లు, బల్ల మీద తాగి వదిలేసిన కప్పులు. అంట్లు తోమకుండా వదిలేస్తే కొన్నాళ్లకి చరిత్ర అవుతుందని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత బాట పక్కన ఒక చిన్న సమాధి. ప్రయాణంలో చనిపోయిన పసిపిల్లదట. చుట్టూ రాళ్లు, పేరు చెక్కిన పలక.

అమ్మ ముందుకి వంగింది. "అదెవురి పిల్లే?" అంది. చెవిలో అరిచి చెప్పాను.

"అట్టానే ఉంచారా? ఎవురూ తియ్యలేదా?" అని టీవీకి దగ్గరగా జరిగింది. "మన పిల్లని గూడా ఈడే పెట్టినాం" అంది.

నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందని నాకు అప్పటిదాకా తెలియదు. నెలల పిల్ల, నడకలో జ్వరం తగిలి ఈ మజిలీలోనే పోయింది. ఇంకా బాప్తిస్మం కాలేదు, పేరూ పెట్టలేదు. ఉయ్యాల కట్టిన తుమ్మచెట్టు కిందే గొయ్యి తీసి, గుర్తుకి మీద పొత్రం పెట్టి, తెల్లవారాక కోతకి పోయారు. పోకపోతే తిండి లేదు. కోతలయ్యి తిరిగొచ్చేసరికి ఎవరో చెట్టు నరికేశారు, కంప పెరిగిపోయింది, చోటు దొరకలేదు. ఆ తర్వాత నేను పుట్టాను. ఆ చోటు ఒక్కసారి చూపించి చావనియ్యమని అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ప్రాజెక్టు ఆయనకి చెప్పాను. "లొకేషన్ తెలియకపోతే ఎలా మేడం? పైగా టూరిస్టులకి నెగెటివ్‌గా ఉంటుంది" అన్నాడు. అమెరికా పిల్ల సమాధి చరిత్రట, మా పిల్లది నెగెటివట. ఆయన మొహాన ఉమ్మేయాలనిపించింది.

మిట్ట చివర సెల్ఫీ పాయింటు పునాదికి జేసీబీ తవ్వుతోంది. ఆ రొదకి వీడియో తీసేవాళ్లు తల పట్టుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి అమ్మ లేచి, కర్ర కూడా తీసుకోకుండా నేరుగా జేసీబీ వైపు నడిచింది. వెనకే పరిగెత్తి రెక్క పట్టుకున్నాను.

"ఉయ్యాల ఊగతా ఉంది. తాడు కిర్రుమంటా ఉంటే ఇనపడట్లా?" అని నన్ను విదిలించింది.

నాకు ఇంజను రొద తప్ప ఏమీ వినపడలేదు. ఇంతలో ఆ రొద కూడా ఆగిపోయింది. డ్రైవరు శ్రీను కిందికి దూకి, కంగారుగా బకెట్ కిందికి తొంగి చూశాడు.

"ఎవరండీ ఇక్కడ పిల్లని పడుకోబెట్టింది? ఉయ్యాల చప్పుడు విని ఆపాను కాబట్టి సరిపోయింది! బుద్ధుండక్కర్లా?" అని మా మీదే అరిచాడు.

అక్కడ పిల్లా లేదు, చెట్టూ లేదు. బకెట్ పళ్లకి జానెడు దూరంలో మట్టిలో నల్లగా ఏదో కనిపిస్తే శ్రీను చేత్తో తోశాడు. పొత్రం. అమ్మ నేల మీద చతికిలబడి దాన్ని కొంగుతో తుడిచింది. "ఇదే" అంది. అప్పుడు ఏడ్చింది.

శ్రీను ఆ తర్వాత అక్కడ తవ్వనన్నాడు. సంగతి తెలిసి ఇంకో డ్రైవరు కూడా రాలేదు. మన పెద్దమనిషి తెలివి చూడండి. కొన్నాళ్లకి మా ఇంటికే వచ్చాడు. సెల్ఫీ పాయింటు అవతలికి జరిపాడట. పిల్లకి ఏదో ఒక పేరు చెబితే అమెరికాలోలాగే పలక పెట్టిస్తాడట, జనం బాగా వస్తారట. అమ్మ చెవిలో అరిచాను.

"బోర్డూ వద్దు, ఫొటోలూ వద్దు. మట్టి కదిలించొద్దని చెప్పు" అంది. ఇప్పటికీ ఆ చోటు అలాగే ఉంది, చుట్టూ శ్రీను వేసిన ముళ్లకంచెతో.

పొత్రం సంగతికి నేను కారణం చెప్పగలను. చోటు అమ్మ మనసులో ఎక్కడో ఉండి ఉంటుంది. చెవుడున్నవాళ్లకి లేని చప్పుళ్లు వినపడడం కూడా ఉన్నదే. శ్రీను దగ్గరే నా ఫిజిక్స్ ఆగిపోతుంది. అతను షామియానా వైపే రాలేదు, అమ్మ మాటలు వినలేదు. ఆ ఇంజను నడుస్తుంటే జేబులో ఫోను మోగినా వినపడదని అతనే చెప్పాడు. ఫైబరు బొమ్మల దగ్గరున్న ఉయ్యాల కూడా చూశాను. దాని ప్లాస్టిక్ కవరే ఇంకా విప్పలేదు, ఊగే వీలే లేదు.

అప్పుడప్పుడు అమ్మని అక్కడికి తీసుకెళ్తాను. కాసేపు కూర్చుని, "చప్పుడు లేదు, నిద్రపోయింది, పదవే" అంటుంది. నేను మాత్రం వెంటనే కదలలేను, చెవులు రిక్కించుకుని నిలబడతాను. డాక్టరుకి కూడా చూపించుకున్నాను, నా చెవులకి ఏ లోపమూ లేదట. చెవిటి తల్లికీ, ముక్కూ మొహం తెలియని డ్రైవరుకీ వినపడిన మా అక్క ఉయ్యాల నాకెందుకు వినపడలేదో ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు.