మూడుకీ నాలుగుకీ మధ్య సముద్రం

నౌపడ దగ్గర ఒక చిన్న స్టేషన్‌లో తంతి గుమాస్తాగా చేరిన కొత్తల్లో నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. టెక్కలిలో మా వాళ్లు నేనేదో మంత్రం నేర్చుకొచ్చానని చెప్పుకునేవారు. మంత్రమూ లేదు, మన్నూ లేదు. ఒక పొట్టి చప్పుడు, ఒక పొడుగు చప్పుడు. ఎంత పెద్ద సంగతైనా ఆ రెంటిలోనే ఇమిడిపోవాలి.

రైలు కబుర్లు కాక నాకు ఇంకో పని ఉండేది. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి సముద్రం ఎలా ఉందో పెద్దాఫీసుకు తంతి కొట్టాలి. సున్న నుంచి తొమ్మిది దాకా ఒక్క అంకె, అంతే. సముద్రం ఎంత రేగితే అంకె అంత పెద్దది. రేవులో ఎర్ర జెండా ఎత్తాలో వద్దో గంటలో జవాబు వచ్చేది. జెండా లేకపోతే తెప్పలు కదిలేవి.

నాకు ఉప్పుమళ్లు తెలుసు గానీ సముద్రం తెలీదు. అందుకని రేవు పల్లెలో తెప్పలు నడిపిన ఒక ముసలి తండేలుని పట్టుకున్నాను. ఆయన తెల్లవారగానే మొలలోతు నీళ్లలో కాసేపు నిలబడి, స్టేషన్‌కు నడిచొచ్చి చెప్పేవాడు. కెరటం ఎక్కడ లేచింది, ఎక్కడ విరిగింది, కాళ్ల కింద ఇసక ఎటు జారింది, అన్నీ కలిపి పావుగంట. నాకు ఒళ్లు మండేది.

"తాతా, కథలొద్దు. మూడా, నాలుగా?"

"మూడుకీ నాలుక్కీ నడిమిన ఉంది బాబూ."

"నడిమినున్నది తీగలో ఎల్లదు. ఏదో ఒకటి సెప్పు."

"అయితే మూడే కొట్టీ."

నెల తిరిగేసరికి ఆయనకూ అలవాటైపోయింది. గుమ్మంలోంచే అంకె చెప్పి వెళ్లిపోయేవాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒకరోజు "మూడు" అన్నాక కూడా ఆయన కదల్లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఏమిటని అడగాల్సింది. బండి వచ్చే వేళైంది, అడగలేదు. మూడు కొట్టేశాను. జెండా వద్దని జవాబొచ్చింది. మధ్యాహ్నానికల్లా గాలివాన విరుచుకుపడింది. ఆయన ఒక్కగానొక్క కొడుకు ఎక్కిన తెప్ప తిరిగి రాలేదు. నాలుగో రోజున దుంగలు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చాయి.

ఆ తర్వాత ఆయన స్టేషన్‌కు వచ్చి నేలమీద కూర్చున్నాడు.

"ఆ పొద్దు ఇసక నా కాళ్ల కిందనుంచి ఎనక్కి లాగీసింది బాబూ. మనసుకి బాగునేదు. ఎల్లొద్దురా అందామనుకున్నాను. ఈలోగా జెండా నేదన్నారు. పెద్దోళ్లు అన్నీ సూసే సెప్పుంటారు, నాకేటి తెలుసునని పంపీసినాను."

పెద్దోళ్లు ఏమీ చూడలేదు. వాళ్ల దగ్గర ఉన్నదల్లా ఈయన చెప్పిన మూడు. అదే వెళ్లి, జెండా అక్కర్లేదన్న జవాబై తిరిగొచ్చింది. తన మాటనే పైవాళ్ల మాట అనుకుని కొడుకుని సముద్రం మీదకు పంపాడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"అయితే తీగ తప్పు సెప్పిందా బాబూ?"

"అవును తాతా, తీగదే తప్పు," అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆయన లేచి నా భుజం తట్టాడు. "నువ్వేటి సేత్తావు బాబూ. ఏడవకు."