అడ్డుతెర పక్కన నా చోటు

పోయిన వారం స్టూడియోకు వెళ్లి, ఒక్క ఫోటోను కాగితం మీద ప్రింటు తీయించమని అడిగితే మా అబ్బాయి నా వంక వింతగా చూశాడు. తెల్లాపూర్‌లో ఈమధ్య జరిగిన పెళ్లి ఫోటోలన్నీ అప్పటికే చుట్టాలందరి ఫోన్లలోకి చేరిపోయాయి, వీడియోకు పాట కూడా అతికించారు, ఇంకా ఈవిడకు కాగితమెందుకన్నది వాడి సందేహం. ఒక పెద్దాయనకు ఇస్తానని మాటిచ్చానని చెప్పి, ప్రింటు చేతికి వచ్చేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ కాగితం అంచులు పట్టుకోగానే, నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, మనసు ఎక్కడెక్కడికో పోయింది.

మేము కొత్తగా నానక్‌రామ్‌గూడలో స్టూడియో పెట్టిన రోజుల్లో స్టూడియో అంటే ఒక్కటే గది, ఒక గొడుగు లైటు, గోడ మీద రంగులతో వేయించిన సరస్సూ, దాని వెనక కొండలూ. గుమ్మం దాటితే నిజమైన బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనుచూపు మేర ఉండేవి, కానీ వాటి ముందు నిలబడి ఫోటో దిగమంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు, బొమ్మ సరస్సే కావాలనేవారు. ఇప్పుడు ఆ బండలను పగలగొట్టి అద్దాల టవర్లు కట్టేశారు, మిగిలిపోయిన నాలుగు రాళ్లను వెతుక్కుంటూ పెళ్లి కాబోయే జంటలు కెమెరాలను వెంటబెట్టుకుని తిరుగుతున్నారు. మనిషి కోరికల సంగతి ఫోటోగ్రాఫర్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదని నేను ఊరికే అనను.

కెమెరా మావారిది. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం, ఆల్బమ్‌లో అతికించడం నా పని. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో మాత్రం ఆయన నా చేతికి ఖాళీ కెమెరా ఇచ్చి, వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసి చెప్పమని పాఠం పెట్టేవారు. అలా నేర్చుకున్న విద్యకు పరీక్ష అంత తొందరగా వస్తుందని ఇద్దరం అనుకోలేదు. ఊళ్లో పేరున్న ఒక ఇంటివారు తమ పిల్ల పెళ్లికి మమ్మల్ని పిలిచారు, అంత పెద్ద పెళ్లి మాకు అదే మొదలు. సరిగ్గా ముందురోజు మావారు పచ్చకామెర్లతో మంచం పట్టారు. పెళ్లిళ్ల కాలం, మరో ఫోటోగ్రాఫర్ దొరికే ఆశ లేదు. ఈ పెళ్లి చెడితే ఆ చుట్టుపక్కల ఇంకెవ్వరూ మా గడప తొక్కరని ఇద్దరికీ తెలుసు. ఆయన పడుకునే కెమెరాలో రీలు ఎక్కించి నా మెడలో తగిలించారు.

పందిట్లోకి నేను ఒక్కదాన్నే రావడం చూసి పెళ్లికూతురు తండ్రి ముఖం మాడిపోయింది. "ఆయనకు పానం బాగలేకుంటే నువ్వొచ్చినవా? గింతమంది మొగోళ్ల నడుమ పందిట్ల నిలబడి తీస్తవా అమ్మా? చూసెటోళ్లకు మంచిగుంటదా?" అని అందరిముందూ అనేశాడు. నేను కదల్లేదు, కదిలితే మావారి ముఖం ఎలా చూడాలి? అంతలో ఆయన తల్లి, పెళ్లికూతురి నాయనమ్మ, లోపలినుంచి వచ్చి, "ఆడోళ్ల దిక్కు కూసొని తీస్తదిరా, ఎవనికి అడ్డమొస్తది? జర ఊకో" అని కొడుకు నోరు మూయించింది. మంటపం ఎదుట నిలబడకూడదు, పంతులుగారికి అడ్డం రాకూడదు అన్న షరతులతో ఆయన ఒప్పుకున్నాడు.

పిల్లకు తల నిండా పూలు పెడుతూ ఆ ముసలమ్మే నాకు ఇంటి సంగతి చెప్పింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రే పెంచాడు. సంబంధం కుదిరిన దగ్గరనుంచీ ఆ పిల్ల అవునని గానీ కాదని గానీ పెదవి విప్పలేదట, అడగడానికి తండ్రికి నోరు రాదట, ఇష్టం లేని చోటికి పంపిస్తున్నానేమోనని నిద్రపోవడం లేదట. అప్పుడర్థమైంది నాకు, ఆయన కసురుకున్నది పూర్తిగా నన్ను కాదని.

ముహూర్తం దగ్గరపడింది. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకున్నారు. మామూలుగా ఫోటోగ్రాఫర్లు ఎదురుగా ఎత్తు మీద నిలబడి తీస్తారు, అక్కణ్ణుంచి చూస్తే తల వంచుకున్న పెళ్లికూతురి పాపిట, పూలజడ తప్ప ముఖం కనిపించదు. మా పెళ్లి ఫోటోలోనూ నాది పాపిటే. నాకు నిలబడే యోగం లేదు కనుక, ఆడవాళ్ల మధ్యనుంచి జరుగుతూ జరుగుతూ పోయి, అడ్డుతెర కొస పక్కన, ఆ పిల్ల మోకాళ్ల దగ్గర నేల మీద చతికిలబడ్డాను. తలెత్తి చూద్దును కదా, వంచిన ఆ ముఖం మొత్తం నాకు ఎదురుగా ఉంది! బాసికం కింద రెప్పలు కూడా లెక్కపెట్టేటంత దగ్గర. జీలకర్ర బెల్లం పెట్టారు, మేళం గట్టిగా అందుకుంది, తెర దించారు. ఆ పిల్ల తల ఎత్తలేదు, కళ్లు మాత్రం ఎత్తింది. నేను మీట నొక్కాను. ఫ్లాష్ మళ్లీ ఛార్జి అయ్యేలోపు ఆ చూపు ఎటో పోయింది.

ఈ కాలం పిల్లలకు చెప్పినా నమ్మరు, తీసిన ఫోటో ఎలా వచ్చిందో తీసినవాళ్లకే తెలియని రోజులవి. రీలు అబిడ్స్‌లోని కలర్ ల్యాబుకు పంపి, కడిగి వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. కవరు విప్పింది మావారే. ఒక్కొక్కటే పక్కన పెడుతూ వచ్చి ఆ ఫోటో దగ్గర ఆగిపోయారు. ఆ పిల్ల కళ్లలో నవ్వు. పెదవులు కదలలేదు, ఎవరికీ తెలియకూడదని గట్టిగా బిగబట్టుకుంది, కానీ కళ్లు మాత్రం దాచలేకపోయాయి. ఇకనుంచి పెళ్లిళ్లకు నువ్వే పో అన్నారు మావారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు పెళ్లికూతురు తండ్రి నన్ను కూర్చోమని కూడా అనకుండా పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. నేను ద్వారబంధం పక్కన నిలబడి ఆయన ముఖం చూస్తున్నాను. ఆ ఫోటో దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి. భుజం మీది తువ్వాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. "బిడ్డ మనసుల ఏమున్నదో అని మస్తు పరేషాన్ అయిన అమ్మా. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చి కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. నా జీవితంలో నాకు దక్కిన సన్మానాల్లో ఆ చాయ్‌ని మించింది లేదని గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ ఫోటో ఆ ఇంటి గోడెక్కింది. చూసినవాళ్లందరూ మాకూ అలాంటిదే కావాలన్నారు. రాయదుర్గం, గచ్చిబౌలి, ఎక్కడ పెళ్లయినా అడ్డుతెర పక్కన నేల మీద నా చోటు నాకుండేది. ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒకావిడ తన కూతురి పెళ్లికి చర్చికి పిలిచింది, అక్కడ అడ్డుతెర లేదు, తెల్లటి ముసుగు ఉంది, అది ఎత్తేవేళకూ నేను కిందే కూర్చున్నాను. తర్వాత్తర్వాత అపార్ట్‌మెంట్ల గృహప్రవేశాలు వచ్చాయి, ఆవు లిఫ్టు ఎక్కనని మొండికేస్తే కిందనే కుటుంబమంతటినీ ఆవుతో నిలబెట్టి తీసిన ఫోటోలు మా దగ్గర బోలెడున్నాయి. మావారు పోయాక కూడా స్టూడియో ఒక్కరోజు మూతపడలేదు. ఇప్పుడది మా అబ్బాయి చేతిలో అద్దాల తలుపులతో, ఏసీతో ఉంది. పునాది మాత్రం నేల మీద చతికిలబడిన ఆ పొద్దుటిదే.

తెల్లాపూర్ పెళ్లి ఎవరిదో ఈపాటికి మీరు ఊహించే ఉంటారు. ఆనాటి పెళ్లికూతురి కూతురిదే. పిల్లాపిల్లాడూ రాయదుర్గంలో ఒకే ఆఫీసు, మూడేళ్లుగా ఎదురెదురు సీట్లు. నాలుగు కెమెరాలు, పైన గిరగిరా తిరిగే డ్రోను. నేను భోజనానికి వెళ్లినట్టు పెద్దరికంగా వెళితే, తల్లి వచ్చి, "అక్కా, నా ఫోటో అసొంటిదే నా బిడ్డకు గూడ నువ్వే తియ్యాలె" అని చేయి పట్టుకుంది. మోకాళ్లు సహకరించవమ్మా అంటే వినలేదు, మా అబ్బాయి కెమెరా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. మంటపం చుట్టూ ఫోన్లు ఎత్తిపట్టుకున్న స్నేహితుల గుంపు, నేను ఎటునుంచి వెళ్లాలో తెలియక నిలబడిపోయాను. అప్పుడు ముందు వరసలోంచి చేతికర్ర ఊపుతూ ఒక గొంతు లేచింది. "ఏయ్, జర జరుగుండ్రి పిల్లలూ. అది ఆమె కూసునే జాగ!" ఆనాడు నన్ను మంటపం ఎదుట నిలబడవద్దన్న పెద్దాయనే. గుంపు విడిపోయింది. ఇద్దరు పట్టుకుని నన్ను కింద కూర్చోబెట్టారు.

మూడేళ్లు రోజూ చూసిన ముఖమే కదా, ఇంక ఇందులో ఏముంటుందిలే అనుకున్న మాట నిజం. తెర దిగింది. ఆ ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఆ పిల్ల కళ్లెత్తింది. నేను మీట నొక్కాను. అక్కడికక్కడే అందరూ కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూసి చప్పట్లు కొట్టారు, పెద్దాయన మాత్రం తనకు ఈ చిన్న డబ్బాలో కనబడదు, కాగితం మీద తెమ్మన్నారు.

నిన్న ఆ కాగితం పట్టుకెళ్లి ఇచ్చాను. కిటికీ దగ్గర వెలుతురులోకి తిప్పుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడసాగారు. కూర్చోమని చెప్పడం ఈసారీ మరిచిపోయారు. నేను అప్పటిలాగే తలుపు పక్కన నిలబడి ఆయన ముఖం చూస్తున్నాను. ఎన్ని కెమెరాలు మారినా, ఎన్ని వెలుగులు వచ్చినా, ఇప్పటి పిల్లల పనిలో నాకు కనిపించనిది ఈ కాసేపే. ఫోటో తీసినవాళ్లు చూసేవాళ్ల ముఖంకేసి చూస్తూ నిలబడే ఈ కాసేపు. మా అబ్బాయి నాకన్నా బాగా తీస్తాడు, కానీ వాడి ఫోటో చూసి ఎవరు ఎలా కళ్లు తుడుచుకున్నారో వాడికి ఎప్పటికీ తెలియదు.

పెద్దాయన తలెత్తారు. ఇన్నాళ్లూ నన్ను అమ్మా అని పిలిచిన మనిషి, "మంచిగొచ్చింది బిడ్డా" అన్నారు.