సోమలింగం చూపించిన జూ

బతుకుదెరువుకు వలసొచ్చి ఖటోదరాలో ఇరవై ఎనిమిదేళ్లు పవర్‌లూమ్‌లు నడిపిన సోమలింగానికి చెవులు ముప్పాతిక వంతు పోయాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కార్ఖానాలో ఇబ్బంది లేదు, ఆ చప్పుడులో అందరిదీ చేతి సైగే. ఇంట్లో పెదాలు చూసి నెట్టుకొచ్చేవాడు. కరోనా వచ్చి వీధిలో అందరి నోళ్లకూ మాస్కులు పడ్డాక ఆయనకు కష్టకాలం మొదలైంది.

కోడలు పద్మారాణికి అనుమానం వచ్చింది కానీ అది చెవుల మీద కాదు, ధ్యాస మీద. రోడ్డు మీద పిలిస్తే పలకడు, వెనక ఆటో మోగినా జరగడు. అందుకే ఐదేళ్ల కూతురు రుచితను తాత వెంట గల్లీ చివరిదాకా కూడా పంపేది కాదు. ఆ పిల్ల బడి మొహం ఇంకా చూడలేదు. ఫోనులో టీచరు బొమ్మ చూపిస్తే "టైగర్" అని అరవడమే చదువు. మనవరాలి చెయ్యి పట్టుకుని నాలుగు వీధులు తిరగాలని ముసలాయనకు మహా ఆశ.

ఊరి చివర సర్థాణాలో జూ మళ్లీ తెరిచారని తెలియగానే కోడలిని బతిమాలాడు.

"బొమ్మల చదువేంది బిడ్డా, అసలుదే చూపిస్త. జర పంపు."

"గీ ఒక్కసారి పంపుత మామా. పోరి చెయ్యి ఇడువకు. ఏమన్న అయితే మల్ల నన్ను అడగొద్దు."

జూలో ఆయన పేర్లు బట్టీ పట్టించలేదు. పులి చారలు రెండు పక్కలా ఒకే తీరుగా ఉన్నాయేమో చూడమన్నాడు. లేవని పిల్ల కనిపెట్టింది. "మరి మిషన్ మీద నేసింది గాదు గద!" అన్నాడు, ఆ పులిని తానే నేసినంత గర్వంగా. దారిలో దొరికిన నెమలి ఈక మీద, గుడ్డలో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం పెట్టాడు. ఈకలోనూ పోగులు చూసి రుచిత కళ్లు ఇంతలేసి చేసుకుంది. కార్ఖానా సైగలు కూడా నేర్పాడు. నెమలికీ మొసలికీ అక్కడ సైగలు లేవు కాబట్టి ఇద్దరూ కలిసి కొత్తవి కల్పించారు.

చిలకల పంజరం దగ్గర గుట్టు బయటపడింది. రుచిత చెవి ముట్టుకుని, అరుస్తున్నది ఏదని సైగతో అడిగింది. ఆయన తోచిన చిలకను చూపించాడు. అది నిద్రపోతోంది. పిల్ల ఆయన వెనక్కి వెళ్లి, కాసేపటికి ముందుకొచ్చి, మాస్కు కిందికి లాగింది.

"మూడుసార్లు పిలిచిన తాతా. నీకు ఇనబడలే?"

"అమ్మకు చెప్పకు బిడ్డా" అన్నాడాయన.

ఇంటికొచ్చేసరికి పద్మారాణి పొయ్యి వైపు తిరిగి రొట్టెలు కాలుస్తోంది. మొహం అటే ఉంచి ఏదో అడిగింది. సోమలింగానికి పెదాలు కనిపించలేదు. ఆమె వెనక గుమ్మంలో నిలబడ్డ రుచిత రెండు అరచేతులూ కలిపి నోరులా తెరిచింది.

"మొసలినా? చూసినం. గింత పొడుగుంది" అన్నాడు.

కోడలు మళ్లీ అడిగింది. పిల్ల వేళ్లు విప్పింది.

"నెమలి ఆడలేదు గని, ఈక దొరికింది."

పద్మారాణి తల ఊపి ఇంకేదో అంది. రుచిత ఎగిరి గంతేసి, అరచేతి మీద రెండు వేళ్లు నడిపించింది. మళ్లీ పొమ్మంటోంది అని!

ఆయన గెలిచాడు. కానీ తన అబద్ధాన్ని మోస్తున్న ఆ చిన్న చేతులు చూసి ప్రాణం చివుక్కుమంది. ఇంత చదువు చెప్పి, చివరికి నేర్పింది తల్లిని మోసం చేయడమా?

"పద్మా, నాకు చెవులు ఇనబడవు. శానేండ్లాయె. గిప్పటిదాంక పోరే చేతులతోని చెప్పింది."

ఆమె తిరిగి చూసింది. పెనం మీద రొట్టె మాడింది. ఆమె పొయ్యి కట్టేసింది. ఆ వారమంతా ఆ ఊసే ఎత్తలేదు. ఇక పంపదని ఆయన ఆశ వదులుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆమే పిల్లకు చెప్పులు తొడిగి తాత ముందు నిలబెట్టింది. మాస్కులు కట్టబోయే ముందు, ఆయనకు పెదాలు కనిపించేలా నిదానంగా అంది.

"చెయ్యి ఇడువకు."

ఈసారి ఆ మాట రుచితతో అంది.