చెవులపిల్లుల కొంగుముడి

చెప్త, నవ్వుర్రి గని నడుమల లేశి పోకుర్రి. ఒక్క కొంగుముడి ఏసి మా అత్తగారింటి మగ్గాన్ని నెలదినాలు ఆపిన మనిషిని నేను. ఎవల కొంగులనుకుంటున్నరు? చెవులపిల్లులయి!

లడాయి దినాలవి. నూలు దొరికితే దేవుడు దొరికినట్టే. సిద్దిపేటల నేతోల్ల ఇంటికి కొత్తకోడలుగ వచ్చిన్నాడు నా ఎంట ఒక తెల్ల చెవులపిల్లి, గదే కుందేలు, వచ్చింది. తల్లిగారింట్ల దాని జోడుది సచ్చిపోయినసంది పొద్దంత రెండు గడ్డిపోచలు కొరికితే గొప్ప. మూలకు మొఖం పెట్టి కూసునేది. బక్కచిక్కి దాని బొక్కలు చేతికి తగులుతుంటే నాకు ఏడ్పొచ్చేది.

"ఇది బతకది పిల్లా," అన్నది అత్త.

"జోడు దొరికితే బతుకుతదత్తా."

"మావోనికి జోడు తేనీకె మూడేండ్లు తిరిగినం. దీనికెవలు తిరుగుతరు?"

మా ఆయనే తిరిగిండు. తొగుట ఊరికి బట్టల మూట ఏసుకపోయి, వచ్చేటప్పుడు అదే మూటల ఒక గోధుమరంగు పోతును తెచ్చిండు. "ఇగో," అని నా ముంగట పెట్టి పోయిండు. పెండ్లైన నెలకు ఆయన నాతోని అన్న మొదటి మాట గదే.

రెండింటిని ఒక్క గంప కింద పెట్టిన. అబ్బో! ఇది దాని చెవి కొరికె, అది దీన్ని తన్నె, బొచ్చు గాలిల లేశె. మూడొద్దులు ఇదే లొల్లి. నాలుగోనాడు నా బుర్ర పనిచేసింది. చెయ్యకుంటే బాగుండు. మమ్ములను కలిపింది కొంగుముడే గద అనుకొని, రెండింటి నడుములకు చెరొక పేలిక చుట్టి, కొసలు కలిపి ముడేసిన. పసుపు పెట్టిన. అక్షింతలు గూడ ఏసిన.

నెత్తిన అక్షింతలు పడుడే ఆలస్యం, రెండు ఉరికినయి. వాకిలి దాటి బజార్ల పడ్డయి. ఆడ మామ పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, బజారు పొడుగూత సాగదీసి కుంచెతోని గంజి పెడుతుండు. రెండు నెలలు తిరిగి తిరిగి తెచ్చుకున్న నూలది.

"ఏంది బిడ్డా గది?"

"పెండ్లి, మామా!"

ఒకటి పడుగు మీదికెళ్లి ఉరికె, ఇంకోటి కిందికెళ్లి ఉరికె. నడుమ నా ముడి. గుంజుకున్నకొద్ది పోగులు పట్‌పట్‌మని తెగినయి. పెండ్లంటే నూరేండ్ల పంటంటరు. నేను చేసిన పెండ్లి పడుగుకు మంట.

అత్త కత్తెర పట్టుకొని ఉరికొచ్చింది. "నూలన్న కోస్త, వాటి మెడలన్న కోస్త!"

మామ కత్తెర గుంజుకున్నడు. "ఏది కొయ్యద్దు. నేను ఇప్పుత."

గంజిల నాని ముద్దలైన రెండింటిని ఒళ్లె పక్కపక్కన పెట్టుకొని, పొద్దు నెత్తిమీదికొచ్చేదాక ఒక్కొక్క పోగు ఇప్పిండు. నన్ను ఒక్క తిట్టు తిట్టలే. గదే నాకు ఎక్కువ తగిలింది. గోడకు ఆనుకొని ఎక్కెక్కి ఏడ్చిన.

అప్పుడు సూశిన. నా తెల్లది పోతు చెవిమీది గంజి నాకుతున్నది. పోతు దీని వీపు నాకుతున్నది. కండ్లు మూసుకొని మరీ!

"మామా, గంజి తింటున్నది!"

"తినదా మరి? పెండ్లి బువ్వ మనమే పెడితిమి," అన్నడు మామ, తలకాయ ఎత్తకుంటనే.

ఆనాటి సంది అవి ఒక్క గంప కిందనే పండుకున్నయి. నేను, మా ఆయన పడుగుకు ఇటొకలం అటొకలం కూసోని నెలదినాలు తెగిన పోగులు అతికినం. ఆ నెలల ఆయన నాతోని మస్తు మాట్లాడిండు. ఎక్కువ మటుకు "ఆ పోగు కాదు, పక్కది" అనే.

మామ కాళ్లు మొక్కి ఒట్టేసిన, బతికున్నన్ని దినాలు ముడి జోలికి పోనని. ఇప్పటికీ పెండ్లిళ్లకు పోత, అక్షింతలేస్త, కడుపునిండ తింట. ఎవలన్న "పెద్దమనిషివి, కొంగుముడి నువ్వెయ్యమ్మా" అంటే మాత్రం రెండు చేతులు ఎనుకకు పెట్టుకొని అడుగుత: "ముందుగాల్ల బయట ఎవలన్న పడుగేసిన్రేమో సూడుర్రి!"